నినాదాల ఏలుబడి: జపాన్ చేతిలో అండమాన్, 1942–45

రెండో ప్రపంచ యుద్ధకాలంలో 1942 మార్చి 23 నుంచి 1945 అక్టోబర్ మొదటి వారం దాకా అండమాన్ నికోబార్ దీవులు జపాన్ నౌకాదళం అధీనంలో ఉన్నాయి. బ్రిటిష్ ఇండియాలో జపాన్ అంతకాలం నిలబడి పాలించిన ప్రాంతం మరొకటి లేదు. ఆ మూడున్నరేళ్లూ దీవుల జనం చెవిన పడ్డవి విముక్తి, ఆసియా సౌభ్రాతృత్వం, ఉమ్మడి సౌభాగ్యం, స్వరాజ్యం అనే మాటలు. కళ్లారా చూసినవి వెట్టిచాకిరీ, గూఢచర్యం కేసులు, మూకుమ్మడి కాల్పులు, తిండిలేమి. విన్నదానికీ చూసినదానికీ పొంతన కుదర్చాలని పాలకులు ప్రయత్నించలేదు. పొంతన లేదని ఎవరూ నోరెత్తకుండా చూసుకున్నారు.

నిరంకుశ రాజ్యాల మీద వచ్చిన ఊహాత్మక నవలల్లో నినాదం చేసే పనేమిటో తెలుసుకోగోరే తెలుగు పాఠకుడికి ఇంతకన్నా దగ్గరి చరిత్ర దొరకదు. పోర్ట్‌బ్లెయిర్ పడిపోయిన రెండు వారాలకే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. కోస్తా ఊళ్ల నుంచి జనం మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు తరలిపోయారు. సముద్రానికి ఇవతల మనకు తగిలింది ఆ ఒక్క దెబ్బే. అవతలి గట్టున ఉన్నవాళ్లకు అది మూడున్నరేళ్ల కాపురం.

నవలలోని నమూనా

జార్జ్ ఆర్వెల్ 'నైన్టీన్ ఎయిటీ ఫోర్' 1949 జూన్‌లో వెలువడింది. అందులోని ఓషియానియా రాజ్యంలో పార్టీ యుద్ధాన్ని శాంతి అంటుంది, స్వేచ్ఛను దాస్యమంటుంది, అజ్ఞానాన్ని బలమంటుంది. ఈ మూడూ గోడల మీదా నాణేల మీదా కనిపిస్తూనే ఉంటాయి. వాటిని జనం నిజంగా నమ్ముతున్నారా అన్నది పార్టీకి తొలి సమస్య కాదు. నమ్మనివాడు కూడా మొహంలో ఏ తేడా లేకుండా వాటిని పలకాలి. అలా పలికిన ప్రతిసారీ మనిషి తన కంటినీ జ్ఞాపకాన్నీ కాస్త పక్కకు నెడతాడు. కొన్నాళ్లకు ఆ నెట్టడం అలవాటైపోతుంది. దీనికి తోడు భాషనే కుదించేసే నిఘంటువు ఒకటి తయారవుతుంటుంది. ఎదురు చెప్పాలంటే అందుకు మాట కావాలి, ఆ మాటే లేకుండా చేయడం దాని ఉద్దేశం. చిత్రహింసలు పెట్టే కార్యాలయానికి ప్రేమ శాఖ అని పేరు. రేషను కోసే కార్యాలయం సమృద్ధి శాఖ.

ఆల్డస్ హక్స్‌లీ 1932లో ప్రచురించిన 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో దారి వేరు. అక్కడ పసిపిల్లలకు నిద్రలోనే నినాదాలు నూరిపోస్తారు, పెద్దయ్యాక అవి సొంత ఆలోచనల్లా తోస్తాయి. వీళ్లిద్దరి కంటే ముందు రష్యన్ రచయిత యెవ్‌గేనీ జమ్యాతిన్ 'మేము' నవలలో మనుషులకు పేర్లు తీసేసి అంకెలు తగిలించాడు.

ఆర్వెల్ ఈ దారులకు కొత్తవాడు కాదు. 1903లో బీహార్‌లోని మోతీహారిలో పుట్టాడు. 1922 నుంచి 1927 దాకా బర్మాలో బ్రిటిష్ పోలీసు ఉద్యోగం చేశాడు. 1941 ఆగస్టు నుంచి 1943 నవంబర్ దాకా లండన్‌లో బీబీసీ తూర్పు విభాగంలో కూర్చుని భారతీయ శ్రోతల కోసం కార్యక్రమాలు తయారు చేశాడు. అంటే పోర్ట్‌బ్లెయిర్‌లో జపాన్ ప్రచారం సాగుతున్న రోజుల్లోనే, అదే భారతీయుల మనసు గెలవడానికి ఎదుటి పక్షం తరఫున ఆయన జీతానికి ప్రచారం రాస్తున్నాడు. ప్రచార యంత్రం లోపలి మరలన్నీ ఆయనకు అందుకే తెలుసు.

అయితే నవలకూ అండమాన్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. ఈ వ్యాసానికి అసలు విషయం కూడా అదే. ఓషియానియా నినాదాలు వినగానే తలకిందులుగా ఉన్నాయని తెలిసిపోతుంది. అండమాన్‌లో వినిపించినవి అలాంటివి కావు. తెల్లవాడు పోవాలి, ఆసియా ఆసియావాసులకే దక్కాలి, భారతదేశం స్వతంత్రం కావాలి అన్నవి ఆ దీవుల జనం తమంతట తాము కోరుకున్నవే. సొంత కోరికను ఎదుటివాడు నినాదంగా పలికితే దాన్ని కాదనడం అబద్ధాన్ని కాదనడం కన్నా చాలా కష్టం.

ముందటి కథ

అండమాన్ 1858లో మొదలైన కాలాపానీ వలస. ఖైదీలు, శిక్ష ముగిసి అక్కడే స్థిరపడ్డవాళ్లు, వాళ్ల పిల్లలైన 'లోకల్ బార్న్' జనం, పోలీసులు, చిన్న ఉద్యోగులు, వ్యాపారులు కలిసి పెరిగిన సమాజం. మద్రాసు రాజధాని నుంచి వెళ్లిన తెలుగువాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు నడిమి గోపురం చుట్టూ ఏడు రెక్కలతో ఉండేది. ఒక గదిలోని ఖైదీకి మరో గదిలోని ఖైదీ మొహం కనబడకుండా కట్టారు. 1937 జూలైలో మొదలైన నిరాహార దీక్ష తర్వాత రాజకీయ ఖైదీలను 1938 జనవరి నాటికి మెయిన్‌లాండ్ జైళ్లకు పంపేశారు. కాబట్టి జపాన్ వచ్చేసరికి జైల్లో పేరున్న విప్లవకారులెవరూ లేరు. ఉన్నది మామూలు నేరస్థులు.

1941 జనాభా లెక్కల్లో దీవులన్నిటిలో కలిపి 33,768 మంది. పది మంది పోగైతే పదకొండోవాడికి కబురు తెలిసే ఊరు పోర్ట్‌బ్లెయిర్. ప్రచారానికీ నిఘాకూ ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

విముక్తిదాతల రాక

రంగూన్ పడిపోయాక బ్రిటిష్ సైన్యం అండమాన్‌ను కాపాడుకునే ఆలోచన మానుకుని దళాల్ని ఉపసంహరించుకుంది. మార్చి 23 తెల్లవారుజామున జపాన్ దళాలు దిగినప్పుడు ఒక్క తుపాకీ కూడా ఎదురు పేలలేదు. చీఫ్ కమిషనర్ వాటర్‌ఫాల్ బందీ అయ్యాడు. జైలు తలుపులు తెరిచి ఖైదీల్ని వదిలేశారు. ఇంగ్లీషువాడి జైలును ఆసియావాడు తెరిచాడు. ప్రచారానికి ఇంతకన్నా మంచి దృశ్యం దొరకదు, ఆ మొదటి రోజున దాన్ని నమ్మినవాళ్లను తప్పుపట్టలేం.

నమ్మకం ఎక్కువ రోజులు నిలవలేదు. సైనికులు ఇళ్లలో జొరబడి కోళ్లూ గుడ్లూ ఎత్తుకుపోతుంటే జుల్ఫికర్ అలీ అనే యువకుడు ఎయిర్‌గన్ పేల్చాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా అతన్ని పట్టుకుని హింసించి, జనం చూస్తుండగా కాల్చి చంపారు. మరికొన్ని రోజులకు బ్రిటిష్ అధికారి మేజర్ బర్డ్ మీద గూఢచర్యం మోపి బహిరంగంగా తల నరికారు. నినాదం ఏం చెప్పినా దాని కింద ఉన్నదేమిటో ఊరికి మొదటి వారంలోనే అర్థమైంది.

ఆ తర్వాత వ్యవస్థ వచ్చింది. ఆగ్నేయాసియా అంతటా పనిచేస్తున్న ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌కు పోర్ట్‌బ్లెయిర్‌లో శాఖ ఏర్పడింది. శాంతి సంఘం ఒకటి పెట్టారు. రెండింటిలోనూ ముందున్నది డాక్టర్ దీవాన్ సింగ్. ఆయన ప్రభుత్వ వైద్యుడు, పంజాబీ కవి. కాలాపానీలో పనిచేసినందుకు ఆయన పేరు చివర 'కాలేపానీ' అని చేరింది. జపనీస్ నేర్పే బడులు తెరిచారు. సైనికుడు ఎదురైతే వంగి దణ్ణం పెట్టాలి. లాంబాలైన్ దగ్గర విమానాల దిగుడు పట్టీ వేయడానికి జనాన్ని బలవంతంగా పనిలోకి తోలారు. ఈనాటి పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయం ఆ పట్టీ మీద పెరిగిందే. ఇవాళ విమానం దిగే పర్యాటకుల్లో ఎందరికి ఆ సంగతి తెలుసో!

ఇదే పద్ధతి జపాన్ గెలుచుకున్న దేశాలన్నిటా సాగింది. సింగపూర్ పేరు 'షోనాన్' అయింది. 1942లో జావాలో ఆసియాకు వెలుగూ రక్షకుడూ నాయకుడూ జపానేనని మూడు పాదాల నినాదంతో ఒక ఉద్యమాన్నే లేవదీశారు. కొద్ది నెలల్లో అది చప్పబడింది. ఆ వెలుగు కిందనే లక్షల మంది జావా రైతుల్ని 'రోముషా' కూలీలుగా పట్టుకుపోయారు. వీటన్నిటికీ పైకప్పు 'మహా తూర్పాసియా ఉమ్మడి సౌభాగ్య వలయం' అనే ప్రకటన. 1940లో జపాన్ ప్రభుత్వం దాన్ని లోకానికి చాటింది.

శత్రువు ఎక్కడ?

నినాదానికి ఆకర్షణ ఒక్కటే చాలదు, శత్రువు కూడా కావాలి. ఆర్వెల్ నవలలో రోజూ రెండు నిమిషాలు తెర మీద శత్రువు బొమ్మ వేసి జనంతో తిట్టిస్తారు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఇంగ్లీషువాళ్లు అప్పటికే లేరు. దాంతో శత్రువును ఊళ్లోనే వెతకాల్సి వచ్చింది. గూఢచారి అనే ముద్ర ఆ పని చేసింది.

నిజానికి గూఢచారులు ఉన్నారు కూడా. 1943 జనవరిలో మేజర్ డెనిస్ మెక్‌కార్తీ అనే అధికారి చిన్న బృందంతో డచ్చి జలాంతర్గామిలో వచ్చి అండమాన్ పడమటి తీరాన దిగాడు. యుద్ధానికి ముందు పోర్ట్‌బ్లెయిర్‌లో పోలీసు అధికారిగా పనిచేసినవాడు కనుక దారులన్నీ తెలుసు. అడవిలో మకాం వేసి వైర్‌లెస్‌లో సమాచారం పంపి వెళ్లిపోయాడు. మిత్రపక్షాల జలాంతర్గాములు జపాన్ సరుకు ఓడల్ని ముంచుతూనే ఉన్నాయి. ఓడ మునిగినప్పుడల్లా ఎవరో చెబితేనే మునిగిందని అధికారులు అనుకున్నారు. అడవిలోని అసలు గూఢచారులు దొరకలేదు. దొరికింది ఊళ్లోని గుమాస్తాలు, వైద్యులు, బడిపంతుళ్లు, పోలీసులు.

వరసగా కేసులు నడిచాయి. పోలీసు అధికారి నారాయణరావు, ఇత్తర్ సింగ్ లాంటివాళ్లు మొదటి కేసులో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వీళ్లు అంతకుముందు జపాన్ వాళ్లు నమ్మి పని అప్పగించినవాళ్లే. పట్టుబడ్డవాణ్ణి హింసిస్తే ఇంకో పది పేర్లు చెబుతాడు, ఆ పదిమందినీ పట్టుకుంటే వంద పేర్లు వస్తాయి. నేరం ఒప్పుకోలు కాగితం మీద ఉంటుంది కనుక ప్రతి కేసూ ముందటి కేసును నిజం చేస్తుంది. నవలలోని విన్‌స్టన్ స్మిత్‌కు చివరికి జరిగిందీ ఇదే. నొప్పి తట్టుకోలేక చెప్పిన మాట పార్టీకి సత్యమైపోతుంది.

1943 అక్టోబర్‌లో దీవాన్ సింగ్‌ను అరెస్టు చేశారు. జపాన్ రేడియోలో మాట్లాడమంటే ఒప్పుకోలేదనీ, కొరియా నుంచి తెచ్చిన స్త్రీలను ఉంచడానికి గురుద్వారాను ఇవ్వనన్నాడనీ ఆయన గురించి చెబుతారు. సుమారు మూడు నెలలు సెల్యులార్ జైల్లో చిత్రహింసలు పడి 1944 జనవరి 14న ఆయన చనిపోయాడు. లీగ్ అధ్యక్షుడే గూఢచారి అయితే ఇక నమ్మదగిన భారతీయుడు ఎవడుంటాడని అడిగే అవకాశం ఎవరికీ లేదు. జపాన్ భారత స్వాతంత్ర్యం కోసం పోరాడుతోంది, కాబట్టి జపాన్ మీద ఫిర్యాదు చేసేవాడు భారత స్వాతంత్ర్యానికి శత్రువు. తర్కం ఇంత నున్నగా ఉంటే వేలు పెట్టడానికి సందు దొరకదు.

1944 జనవరి 30న హంఫ్రేగంజ్ దగ్గర 44 మందిని కందకం ముందు నిలబెట్టి కాల్చేశారు. వాళ్లలో ఎక్కువమంది ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులు. స్వరాజ్యం నినాదాన్ని మనస్ఫూర్తిగా పలికినవాళ్లను అదే నినాదం పేరు మీద చంపారు.

1943 డిసెంబర్ చివరి మూడు రోజులు

ఈ కేసులు జోరుగా సాగుతున్న వేళే దీవులకు సుభాష్ చంద్ర బోస్ వచ్చాడు. 1943 అక్టోబర్ 21న సింగపూర్‌లో ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. నవంబర్ మొదటి వారంలో టోక్యోలో జరిగిన మహా తూర్పాసియా సమావేశంలో జపాన్ ప్రధాని టోజో అండమాన్ నికోబార్ దీవుల్ని ఆ ప్రభుత్వానికి అప్పగిస్తామని ప్రకటించాడు. డిసెంబర్ 29న బోస్ పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాడు, 30న జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకం ఎగరేశాడు. దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు ప్రకటించాడు. ఫ్రెంచి విప్లవంలో బాస్తీ కోట ముందుగా విముక్తమైనట్టు మన దేశభక్తులు మగ్గిన అండమాన్ ముందుగా విముక్తమైందని అప్పగింత ప్రకటన వెలువడినప్పుడే ఆయన అన్నాడు. సెల్యులార్ జైలును కూడా చూశాడు.

ఆ రోజు జైలు ఖాళీగా లేదు. దీవాన్ సింగ్ బతికే ఉన్నాడు, చావుకు రెండు వారాల దూరంలో ఉన్నాడు. హంఫ్రేగంజ్‌లో కాల్పులు జరగడానికి సరిగ్గా నెల ఉంది. బోస్‌కు ఈ సంగతి తెలుసా, తెలియనివ్వలేదా, తెలిసి కూడా ఏమీ చేయలేని స్థితిలో ఉన్నాడా అన్నదాని మీద చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. పర్యటన పొడుగునా జపాన్ అధికారులు వెంట ఉన్నారు, బాధితుల కుటుంబాలు ఆయన దగ్గరికి చేరలేకపోయాయి. బోస్ దేశభక్తిని శంకించడానికి ఇది ఆధారం కాదు. నిజాయితీగల నాయకుడి నోట నిజాయితీగా వచ్చిన మాట కూడా ఒక సైనిక పాలనకు ఎలా గోడ కాగలదో చూపడానికి మాత్రం ఇంతకంటే పెద్ద ఆధారం అక్కర్లేదు.

అప్పగింత ఎంతవరకు జరిగిందన్నది తర్వాత న్యాయస్థానంలోనే తేలింది. ఆజాద్ హింద్ తరఫున చీఫ్ కమిషనర్‌గా వెళ్లిన లెఫ్టినెంట్ కల్నల్ ఎ.డి. లోగనాథన్ 1944 ఫిబ్రవరిలో నలుగురు సహచరులతో పోర్ట్‌బ్లెయిర్ చేరాడు. పోలీసు శాఖ ఇస్తేనే మిగతా శాఖలు తీసుకుంటానన్నాడు. యుద్ధం నడుస్తుండగా అది కుదరదని జపాన్ అధికారులు తేల్చేశారు. చివరికి ఆయన చేతికొచ్చింది విద్యాశాఖ. కొన్నాళ్లు బడులు నడిపించి, ఆ ఏడాది ద్వితీయార్ధంలో ఆరోగ్యం చెడి తిరిగి వెళ్లిపోయాడు. 1945 డిసెంబర్‌లో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ (ఐఎన్‌ఏ) అధికారుల విచారణ జరిగినప్పుడు ఆయన ప్రతివాదుల తరఫు సాక్షి. ఆజాద్ హింద్ ప్రభుత్వానికి సొంత భూభాగం ఉందా లేదా అన్నది అక్కడ పెద్ద ప్రశ్న. పూర్తి అప్పగింత యుద్ధం ముగిశాకే అన్నారని, తాను నడిపింది విద్యాశాఖ ఒక్కటేనని ఆయన చెప్పాడు. స్వరాజ్యం పేరుతో అప్పగించామన్న దీవుల్లో స్వరాజ్యం చేతికి దక్కింది బడులు మాత్రమే. పోలీసు, జైలు, తిండిగింజలు మొదటినుంచీ చివరిదాకా నౌకాదళం గుప్పిట్లోనే ఉన్నాయి.

కొత్త దీవి, కడుపునిండా తిండి

1944 తర్వాత సముద్ర దిగ్బంధం బిగిసింది. సరుకు ఓడలు రావడం తగ్గిపోయింది. బియ్యం అటుంచి కర్రపెండలం, చిలగడదుంపలు కూడా కరువయ్యాయి. 1945లో అధికారుల దృష్టి పనిచేయలేని నోళ్ల మీద పడింది. ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, పనికి రానివాళ్లంటూ వందలాది మందిని పోగుచేశారు. కొత్త దీవిలో భూమి ఇస్తాం, పంట వేసుకుని హాయిగా బతకండి అని చెప్పి ఆగస్టులో ఓడలెక్కించారు. హావ్‌లాక్ దీవి దగ్గర చీకట్లో వాళ్లను సముద్రంలోకి దూకించారు. ఎక్కువమంది మునిగిపోయారు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన వాళ్లలో చాలామంది ఆకలితో చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. వాళ్ల వాంగ్మూలం వల్లే ఈ కథ బయటికొచ్చింది.

కార్ నికోబార్‌లో కూడా అదే వేసవి చివర, శత్రు నౌకలకు సంకేతాలిస్తున్నారన్న ఆరోపణతో చాలామంది నికోబారీలను హింసించి చంపారు. ఆ ఆపద గడిచి బతికిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ 1952లో అండమాన్ నికోబార్ దీవుల తరఫున తొలి లోక్‌సభకు నామినేట్ అయ్యాడు.

హావ్‌లాక్ ఘటనలో ఒక సంగతి గమనించదగ్గది. అప్పటికి ఆసియా సౌభాగ్యం గురించి మాట్లాడే ఓపిక పాలకులకూ లేదు, వినే ఓపిక జనానికీ లేదు. పెద్ద నినాదం చచ్చిపోయాక చిన్న హామీ ఒకటి మిగిలింది: తిండి. ఆకలిగొన్నవాణ్ణి ఓడెక్కించడానికి అది చాలు.

రెండో పక్షం మాటలు

జపాన్ నినాదాల్ని లెక్కకట్టి బ్రిటిష్ వాళ్లవి వదిలేస్తే ఈ వ్యాసమే ప్రచారమవుతుంది. 1941 ఆగస్టులో రూజ్‌వెల్ట్, చర్చిల్ కలిసి విడుదల చేసిన అట్లాంటిక్ చార్టర్ ప్రతి జాతికీ తనకు నచ్చిన ప్రభుత్వాన్ని ఎంచుకునే హక్కుందని చెప్పింది. నెల తిరక్కుండానే చర్చిల్ పార్లమెంటులో అది ముఖ్యంగా నాజీల కింద నలుగుతున్న యూరప్ దేశాల సంగతని వివరించాడు. భారతదేశం ఆ హామీ బయట ఉండిపోయింది. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం చేసిన నాయకులంతా స్వేచ్ఛ కోసం యుద్ధం చేస్తున్న సామ్రాజ్యం జైళ్లలోనే ఉన్నారు. ఆసియా ఆసియావాసులకే అన్న మాటకు ఆ రోజుల్లో అంత గిరాకీ ఉండటానికి జపాన్ చాకచక్యం ఎంత కారణమో, ఇంగ్లండ్ మాట తప్పడమూ అంతే కారణం. బీబీసీ కుర్చీలో కూర్చున్న ఆర్వెల్‌కు తాను అమ్ముతున్న సరుకు విలువ తెలుసు. తెలిసే రెండేళ్లకు రాజీనామా చేశాడు.

తర్వాత

1945 అక్టోబర్‌లో బ్రిగేడియర్ సాలమన్స్ నాయకత్వాన 116వ భారత పదాతి బ్రిగేడ్ పోర్ట్‌బ్లెయిర్ చేరింది. జపాన్ వైస్ అడ్మిరల్ హారా లొంగిపోయాడు. రెండేళ్ల కిందట బోస్ జెండా ఎగరేసిన జింఖానా మైదానమే దానికీ వేదిక. 1946లో సింగపూర్‌లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానాలు దీవుల్లో జరిగిన యుద్ధ నేరాలపై కొన్ని కేసులు విచారించి శిక్షలు వేశాయి. 1951 జనాభా లెక్కల్లో దీవుల్లో 30,971 మంది తేలారు. పదేళ్ల కిందటి కన్నా దాదాపు మూడు వేలు తక్కువ. ఇందులో యుద్ధానికి ముందు వెనక్కి పంపేసినవాళ్లు, తర్వాత వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు కనుక తగ్గుదల అంతా చావులే అనుకోకూడదు. ఆ లోటును తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చాక కూడా పూడ్చలేకపోయారన్నది మాత్రం నిజం.

ఈ కాలాన్ని తీసుకుని వచ్చిన సాహిత్యం కొద్దే. ఉజ్మా అస్లం ఖాన్ 2019లో ఇంగ్లీషులో రాసిన 'ద మిరాక్యులస్ ట్రూ హిస్టరీ ఆఫ్ నోమీ అలీ' దీవుల్లోని లోకల్ బార్న్ పిల్లల కళ్లతో బ్రిటిష్, జపాన్ పాలనలు రెండింటినీ చూపుతుంది. ఎన్. ఇక్బాల్ సింగ్ 1978లో అచ్చువేసిన 'ద అండమాన్ స్టోరీ', జయంత్ దాస్‌గుప్తా 2002లో ప్రచురించిన పరిశోధన చరిత్ర పాఠకులకు ఉపయోగపడతాయి. తెలుగులో ఈ మూడున్నరేళ్ల మీద ఒక మంచి నవలకు చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

2018 డిసెంబర్ 30న, బోస్ జెండా ఎగరేసి 75 ఏళ్లయిన సందర్భంగా, రాస్ దీవికి నేతాజీ పేరు పెట్టారు. నీల్ దీవి షహీద్ ద్వీప్, హావ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్ అయ్యాయి. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. ఈ పేర్లకు ఉన్న గౌరవం వాటికి ఉంది. కానీ జనాన్ని నీళ్లలోకి తోసిన హావ్‌లాక్‌కే స్వరాజ్యం పేరు రావడం చరిత్ర తెలిసినవాడికి ముల్లులా గుచ్చుకుంటుంది. బీచ్ ఫోటోల కోసం ఆ దీవికి ఏటా వెళ్లే వేలాది మందికి ఈ సంగతి చెప్పే బాధ్యత గైడ్ల మీద, పాఠ్యపుస్తకాల మీద ఉంది.

దీవులకు వెళ్లే తెలుగువాళ్లు సెల్యులార్ జైల్లో సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన చూసి తిరిగొచ్చేస్తున్నారు. ఊరికి దగ్గర్లోనే ఉన్న హంఫ్రేగంజ్ స్మారకానికి కూడా ఒక పూట కేటాయించండి. అక్కడ కాల్చేసిన 44 మందిలో ఎక్కువమంది స్వరాజ్యం కోరుకున్నవాళ్లే.